పదకొండు గంటలకి కామా

ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున, ఉదయం పదకొండు దాటి ఏడు నిమిషాలకి, గడియారాల షాపులో వాన పడింది.

ఒకే ఒక్క చుక్క. అది పడింది కూడా ఎక్కడ? నలభై నిమిషాలుగా ఊపిరి బిగబట్టి అతను బిగిస్తున్న చేతి గడియారం కడుపులో.

కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే అతను తలెత్తి చూశాడు. పైకప్పు పాతకాలపు చెక్క పలకలది. రెండు పలకల సందున ఇంకో చుక్క లావెక్కుతోంది. వేలితో పట్టి వాసన చూశాడు.

వాన నీళ్లకి ఆ వాసన ఉండదు.

రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి మేడ మీద తలుపు కొట్టబోయాడు. కొట్టకముందే తలుపు తెరుచుకుంది. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో కాగితాల కట్ట, కళ్ల నిండా కోపంతో ఒకమ్మాయి. పై వాటాలో దిగి పది రోజులైంది గానీ అతను ఆమెని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

"కింద గడియారాలాయన మీరేనా?"

"అవును. పైన..."

"ముందు నేను మాట్లాడాలి. చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను నేను. అదే నా ఉద్యోగం. పొద్దున్నుంచి ఒక తల్లి చనిపోయే సీను చదువుతున్నాను. ఆవిడ ఆఖరి మాట చెప్పబోయేసరికి మీ షాపులో ఇరవై గడియారాలు టంగుటంగుమని మొదలెడుతున్నాయి. మూడు సార్లు చచ్చి మూడు సార్లు బతికిందావిడ!"

"ఇరవై కాదండీ, పదిహేడు."

"పెద్ద తేడా!"

"మరి నా గడియారంలో పడిందాని సంగతేంటి?"

"ఏం పడింది?"

సమాధానం ఆమె కాళ్ల సందులోంచి తనే బయటికొచ్చింది. గోధుమరంగు ఒళ్లు, నల్లటి ముక్కు, చిన్న కొక్కెంలా వంగిన తోక. అరచెయ్యంత కుక్కపిల్ల. అతన్ని చూసి సంతోషం పట్టలేక అక్కడికక్కడే, గడప మీద, ఇంకాస్త పోసింది.

ఇద్దరూ ఆ తడివైపు చూశారు.

"ఓహో," అంది ఆమె. కోపం సగానికి సగం దిగిపోయింది. "కిందికి కారిందా? దీని పేరు కామా."

"కామా ఏంటండీ?"

"ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది కదా. అందుకని."

నవ్వకూడదని అతను చాలా ప్రయత్నించాడు. కానీ మొహం మాట వినలేదు.

* * *

ఆ నవ్వు రెండు రోజులే నిలిచింది. మూడో రోజు అత్తయ్య షాపుకొచ్చింది.

అత్తయ్యంటే అతని మేనత్త. ఆ మేడ ఆమెదే. తను మాత్రం నాలుగిళ్ల అవతల, సొంతింట్లో ఒక్కతే ఉంటుంది. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసింది. రిటైరయ్యాక పిల్లలు దొరక్క లోకం మొత్తానికి మార్కులు వేస్తుంటుంది. అతన్ని పదేళ్ల వయసు నుంచి పెంచింది ఆమే. పని నేర్పింది ఆమె భర్త, అంటే మావయ్య. ఆయన పోయి మూడేళ్లవుతోంది.

అత్తయ్య రాగానే చూసేది ఒకటే. గోడ మీద, తలుపుకి ఎదురుగా, ఆగిపోయిన పెద్ద గడియారం. మావయ్య తన పెళ్లయిన ఏడాది సొంతంగా చేసుకున్నది. ఆయన పోయిన నెలలోనే అది ఆగిపోయింది. "బాగు చెయ్యరా" అని అత్తయ్యే తెచ్చిచ్చింది. మూడేళ్లుగా అతను దాన్ని విప్పలేదు. విప్పితే లోపల అన్నీ మావయ్య వేళ్ల గుర్తులే. చెడగొడతానేమోనని భయం.

ఈసారి కూడా అత్తయ్య దానివైపే చూసింది. చూపు అక్కణ్ణించి పైకి వెళ్లింది. పైకప్పు మీద పళ్లెం అంత మచ్చ.

"అదేంట్రా?"

"నీళ్లు... అత్తయ్యా."

"ఏం నీళ్లు?"

జవాబుగా పైనించి 'భౌ' అని సన్నటి గొంతు వినిపించింది.

అయిదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. మెట్ల మీద కుక్కపిల్లని ఎత్తుకుని నిలబడ్డ అమ్మాయి ఎదురుగానే.

"అమ్మాయీ, నాకు నీ మీద కోపం లేదు. కానీ ఆ పలకలు నానితే కప్పు వీడి నెత్తిన పడుతుంది. రెండు వారాలు టైమిస్తున్నాను. రెండో ఆదివారం దాన్ని నా ఇంటికి తీసుకురా. గంటసేపు నా ఇంట్లో తడి చెయ్యకుండా ఉంటే ఇక్కడే ఉండొచ్చు. చేసిందా, దానికి వేరే ఇల్లు చూడు. పరీక్షంటే పరీక్షే."

"సరే మేడం," అందామె మెల్లగా.

అత్తయ్య వెళ్లిపోయాక ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది. అతను ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"నేను దాన్ని తిట్టను," అందామె. "కొట్టను. డాక్టరు చెప్పినట్టే చేస్తున్నాను. తిన్నాక, పడుకుని లేచాక, మధ్య మధ్యలో బయటికి తీసుకెళ్లాలి. బయట పోస్తే వెంటనే మెచ్చుకోవాలి. లోపల పోస్తే అరవకుండా వెనిగర్ నీళ్లతో తుడవాలి, లేకపోతే వాసన పట్టి మళ్లీ అక్కడికే పోతుంది. అన్నీ తెలుసు. చదువుతూ కూర్చుంటే టైమే తెలియదు. అదీ నా బాధ."

"ఎవరికైనా ఇచ్చేయొచ్చుగా?" అతను మామూలుగానే అడిగాడు. అడిగిన మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

ఆమె కామా చెవులు సర్దింది. "గోడలకి బొంతలు కట్టిన గదిలో రోజుకి ఆరు గంటలు చదువుతాను. ఎవరు వింటారో తెలీదు. ఏడ్చే చోట ఏడుస్తాను, నవ్వే చోట నవ్వుతాను, ఎదురుగా గోడ. ఒకరోజు వానలో తడుస్తూ ఇది మెట్ల కింద దొరికింది. ఆ రోజు నుంచి ఎదురుగా కూర్చుని వింటోంది. తల ఇటూ అటూ వంచి మరీ వింటుంది. నాకు ఎదురుగా కూర్చుని విన్న మొదటి మనిషండీ ఇది."

"మనిషి?"

"మాట జారింది. కానీ వెనక్కి తీసుకోను."

అతను లేచి చేతులు దులుపుకున్నాడు.

"మీకు టైము తెలియదు. నాకు టైము తప్ప ఇంకేం తెలియదు. బేరం కుదుర్చుకుందామా?"

* * *

బేరం ఇదీ. షాపులో పదిహేడు గడియారాల గంటలూ అతను కట్టేస్తాడు. తల్లి ప్రశాంతంగా చనిపోవచ్చు. ఒక్క గడియారం మాత్రం గంట గంటకీ కొడుతుంది. అది కొట్టగానే ఆమె చదవడం ఆపి, కామాని ఎత్తుకుని కిందికి రావాలి. షాపు వెనక గడ్డి ఉంది.

"ఎప్పుడూ ఆ ఒక్కటే ఎందుకు? ఏది కొడితే ఏం?" అందామె.

"రోజుకో గొంతు వినిపిస్తే కుక్కపిల్లకి ఏం అర్థమవుతుంది? రోజూ ఒకే గొంతు కావాలి. ఇవన్నీ బాగవగానే వెళ్లిపోయేవి. ఎప్పటికీ ఇక్కడే ఉండేది..." అతను ఆగిపోయాడు.

షాపులో ఎవరూ వచ్చి తీసుకెళ్లని గడియారం ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రం అతను మావయ్య గడియారాన్ని గోడ మీంచి దించాడు. వెనక తలుపు తీశాడు. లోపల చూస్తే జబ్బు ఇంతే: ఎండిపోయిన నూనె, ఒక అరిగిన పళ్లచక్రం. మూడేళ్ల భయం రెండు పూటల పనయింది. మర్నాడు మధ్యాహ్నానికి లోలకం ఊగింది. సరిగ్గా మూడింటికి గంట మోగింది. లోతుగా, నెమ్మదిగా, గదికి అటు చివర నుంచి ఎవరో పెద్దాయన పిలిచినట్టు.

పైన తలుపు తెరుచుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"హెడ్‌ఫోన్లలో కూడా వినిపించింది!" అంటూ దిగింది ఆమె, చంకలో కామా. "భలే గొంతండీ దీనిది."

"మా మావయ్యది," అన్నాడతను. ఆమె జేబులోంచి బిస్కెట్ ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"మెచ్చుకునే పని మీది."

మొదటి రోజు కామా గడ్డిలో సీతాకోకచిలుకని తరిమి, పైకెళ్లి బొంత మీద పోసింది. రెండో రోజు మెట్ల మీద. మూడో రోజు అతని చెప్పులో.

"ఇది అభివృద్ధేనండీ," అందామె వెనిగర్ సీసా పట్టుకుని. "ఇల్లు దాటి షాపు దాకా వచ్చింది."

"గడ్డికి ఇంకా పది అడుగులు. నా రెండో చెప్పు దాటితే చేరిపోతాం."

నాలుగో రోజు పన్నెండింటికి కామా గడ్డిలో కూర్చుంది. ఇద్దరూ కదల్లేదు. ఊపిరి కూడా తీయలేదు. పని అయిపోగానే "శభాష్!" అని అతను అరిచిన అరుపుకి పక్క షాపు టైలరు కత్తెర పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏమైందయ్యా?"

"పోసింది!" అన్నాడు అతను గర్వంగా.

టైలరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో అర్థమైనట్టు తలూపి లోపలికెళ్లిపోయాడు. ఆమె మొహం ఎర్రబడింది. అతను గడ్డివైపు చూస్తూ నిలబడ్డాడు.

రెండో వారానికి లెక్క మారింది. గంట మోగడం, కామా చెవులు నిక్కడం, తలుపు గీకడం, గడ్డి, బిస్కెట్. మోగిన ప్రతిసారీ. వాన రోజున అతను గొడుగు పట్టాడు. ఒక్క గొడుగు, ముగ్గురు. గొడుగు మధ్యలో కామా, రెండు పక్కలా తడుస్తూ వాళ్లిద్దరూ.

"మీ భుజం తడిసిపోతోంది," అందామె.

"మీదీ."

"కొంచెం ఇటు జరగండి."

జరిగాడు. కామా పని ఎప్పుడో అయిపోయింది. వాళ్లు చాలాసేపు గమనించలేదు.

ఇంకో విషయం కూడా అతను గమనించలేదు. గంటకి అయిదు నిమిషాల ముందే తన చెయ్యి పనిముట్లు కింద పెట్టేస్తోంది. జుట్టు సర్దుకుంటోంది. గంట మోగగానే మెడ మెట్లవైపు తిరుగుతోంది. ఆమె ఒక్క నిమిషం ఆలస్యమైతే, "కామాగారూ, టైమైంది!" అని కేకేస్తున్నాడు.

* * *

ఆదివారం వచ్చింది.

పదింటికి మావయ్య గడియారం కొట్టింది. కామా గడ్డిలో తన పని పూర్తి చేసింది. ఆమె దాన్ని తీసుకుని ముందు బయల్దేరింది. అతను గడియారాన్ని దించి, దుప్పటిలో చుట్టి, వెనక బయల్దేరాడు. అత్తయ్యకి ఇవ్వాల్సింది మూడేళ్లు ఆలస్యమైంది. ఇంకో పూట కూడా ఆపడం ఇష్టం లేకపోయింది. పైగా ఆమె మనసు కాస్త మెత్తబడితే పరీక్షకీ మంచిదే. ఆ క్షణంలో తన తెలివికి తనే మురిసిపోయాడు.

అత్తయ్య ముందు గది చిన్నది. రెండు కుర్చీలు, ఒక సోఫా, మధ్యలో నీలం తివాచీ. పదీ పదిహేనుకి ఆమె తలుపు తాళం వేసి, తాళంచెవి కళ్లజోడు పెట్టెలో పడేసింది.

"పదకొండూ పదిహేను దాకా ఈ తలుపు తెరుచుకోదు. అర్థమైందా?"

కామా తల పక్కకి వంచి వింది.

"దీనికి అర్థమైంది. మీకు?" అంటూ తిరిగిన అత్తయ్య మాట మధ్యలో ఆగిపోయింది. అతను దుప్పటి విప్పాడు. మూడేళ్లుగా ఖాళీగా ఉన్న మేకుకి గడియారం తగిలించి, ముళ్లు సరైన టైముకి తిప్పి, లోలకం వేలితో కదిపాడు.

టిక్. టిక్. టిక్.

అత్తయ్య సోఫాలో కూర్చుండిపోయింది. కళ్లజోడు తీసి తుడిచింది. పెట్టుకుంది. మళ్లీ తుడిచింది.

"గంట కూడా కొడుతుందా?"

"కొడుతుంది అత్తయ్యా."

"అయితే మాట్లాడకండి. పదకొండుకి వింటాను."

కామా తివాచీ వాసన చూసింది, సోఫా కింద దూరింది, తోక కొరుక్కుంది, నిద్రపోయింది. నలభై నిమిషాలు సాఫీగా గడిచాయి. వాళ్లిద్దరి కళ్లూ కుక్కపిల్ల మీదే. పదీ యాభై ఏడుకి అమ్మాయి ఎందుకో తలెత్తి గోడవైపు చూసింది. మొహంలో రంగు పోయింది.

"ఏవండీ," అంది గుసగుసగా. "అది ఏ గడియారం?"

"మావయ్యది."

"మన గడియారం."

"అవును, మన..." అతను గబుక్కున కామా వైపు తిరిగాడు.

గంట మోగితే పోయాలి. రెండు వారాలు, బిస్కెట్లు పెట్టి మరీ నేర్పిన పాఠం. గురువు తనే.

మూడు నిమిషాలు. తలుపుకి తాళం. లోలకం పట్టుకుని ఆపితే చాలు, గంట మోగదు. అతను లేచాడు. రెండు అడుగులు వేశాడు. చెయ్యి చాచాడు.

ఆ చేతిని ఆమె పట్టుకుంది.

"వద్దు."

"కామా..."

"ఆవిణ్ణి చూడండి."

అత్తయ్య వాళ్లని చూడటం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మొహం గడియారం వైపు ఎత్తి, కళ్లు మూసుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. సెకన్లు లెక్కపెడుతోంది.

"మూడేళ్లు ఆగిందావిడ," అందామె. చేతి పట్టు వదల్లేదు. "మోగనివ్వండి. కామాకి... మంచిల్లే చూద్దాం."

అతను ఆమె వైపు చూశాడు. అంత ఇష్టమైనదాన్ని, పెద్దగా పరిచయం లేని ఒక పెద్దావిడ చెవి కోసం వదులుకుంటున్న మనిషి. అప్పటిదాకా తనకి తెలియకుండా పోగైనదంతా ఆ ఒక్క నిమిషంలో అతనికి తెలిసిపోయింది.

గంట మోగింది.

కామా ఒక్క ఉదుటున లేచింది. తలుపు దగ్గరికి పరుగెత్తింది. మూసి ఉంది. గీకింది. రెండో గంట, మూడో గంట. వెనక్కి వచ్చి ఆమె కాలు పట్టి లాగింది. నాలుగు, అయిదు. అతని వైపు చూసి కుయ్యిమంది. ఇక తన వల్ల కాలేదు. ఆరో గంటకి నీలం తివాచీ నడిమధ్యన కూర్చుంది.

పదకొండో గంట మోత గదిలో కరిగిపోయేసరికి కామా అతని ఎదురుగా వచ్చి, తోక ఊపుతూ, బిస్కెట్ కోసం నోరు తెరిచింది.

అత్తయ్య కళ్లు తెరిచింది. చెంపల మీద తడి. తివాచీ చూసింది.

"ఫెయిల్," అంది.

"దాని తప్పు కాదు అత్తయ్యా. నాది." అతను మొత్తం చెప్పేశాడు. పదిహేడు గడియారాలు, ఒకే గొంతు, గడ్డి, బిస్కెట్. "నేర్పిందే చేసింది. తలుపు కూడా గీకింది. తాళం వేసి ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది?"

"ఆగు." అత్తయ్య లేచి నిలబడింది. "నేను మూడేళ్లుగా అడుగుతున్నా విప్పనివాడివి, ఒక కుక్కపిల్ల ఉచ్చ కోసం మీ మావయ్య గడియారం విప్పావా?"

"కుక్కపిల్ల కోసం కాదు."

"మరి?"

అమ్మాయి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉందని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"గంట మోగితే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది అత్తయ్యా. అందుకోసం."

ఆమె చెయ్యి కదిలింది. వెనక్కి తీసుకుంటుందనుకున్నాడు. తీసుకోలేదు. రెండో చేత్తో ఫోన్ తీసి ఏదో నొక్కింది.

ఫోన్లోంచి మావయ్య గంట. దాని వెంటే దూరంగా, చెక్క పలకల కిందనుంచి, అతని గొంతు: "కామాగారూ, టైమైంది!" మళ్లీ గంట. "కామాగారూ, వానొస్తోంది, గొడుగు నేను తెస్తాను!" మళ్లీ గంట.

"రికార్డింగులో పడ్డవన్నీ కత్తిరించాలి కదా," అంది తల దించుకుని. "కత్తిరించాను. పారేయలేదు. నలభై ఆరు ఉన్నాయి."

అత్తయ్య వాళ్ల చేతులు చూసింది, ఫోన్ చూసింది, తివాచీ చూసింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి సోఫా చెయ్యి పట్టుకుంది.

"గంట మోగితే తలుపు దగ్గరికి పరుగెత్తేది ఇదొక్కటే కాదన్నమాట! ఇంతకీ ట్రైనింగ్ ఎవరికి ఇచ్చావురా?"

అమ్మాయి సంచిలోంచి వెనిగర్ సీసా తీసి తివాచీ తుడవబోయింది. అత్తయ్య ఆ సీసా లాక్కుని అతని చేతిలో పెట్టింది.

"తప్పు తనదన్నాడుగా, వాణ్ణే తుడవనీ. నువ్విలా వచ్చి కూర్చో. అమ్మాయీ, మూడేళ్లుగా ఈ గదిలో చప్పుడే లేదు. ఆ లోలకం ఆపబోయాడు, నువ్వు ఆపనివ్వలేదు. నేను కళ్లే మూసుకున్నాను, చెవులు కాదు."

"మేడం..."

"మేడం ఏంటి, స్కూల్లోలాగా? అత్తయ్యా అను. ఇక పరీక్ష సంగతి. ప్రశ్నాపత్రంలోనే తప్పుంటే మళ్లీ పెట్టడం నా పద్ధతి. పన్నెండుకి పెడతాను."

తాళం తీసింది. వీధి తలుపు బార్లా తెరిచింది. బయట సన్నగా తుంపర మొదలైంది. ముందు నాలుగు మెట్లు, వాటి కింద గడ్డి.

పన్నెండుకి మొదటి గంట మోగింది. కామా చెవులు నిక్కాయి. గది దాటింది, గడప దాటింది, మెట్ల మీంచి దొర్లినట్టే దిగింది. అయిదో గంటకి గడ్డిలో, వానలో, పద్ధతిగా కూర్చుంది.

"పాస్," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "ఫస్ట్ క్లాస్. విను, ఈ గడియారానికి వారానికోసారి కీ ఇవ్వాలి. మీ మావయ్య ఆదివారం ఇచ్చేవాడు. ప్రతి ఆదివారం పన్నెండులోపు రావాలి. ఇద్దరూ."

"ముగ్గురం," అంది ఆమె. "అత్తయ్యా."

అతను అప్పటికే గొడుగు విప్పి మెట్లు దిగుతున్నాడు. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఈసారి గంట పిలిచి కాదు, అది మోగడం ఆగిపోయాక.